ఉన్ని ఎగుమతికి మరణశిక్ష పెట్టినా ఇంగ్లండులో స్మగ్లింగ్ ఎందుకు ఆగలేదు?

ప్రశ్న: "ఇంగ్లండులో ఒకప్పుడు ఉన్నిని దేశం దాటిస్తే ఉరి తీసేవారని, చెయ్యి నరికేవారని చదివాను. నిజమేనా? నిజమైతే, అంత భయం పెట్టినా స్మగ్లింగ్ అన్నేళ్లు ఎలా సాగింది? అధికారులు లంచాలు తినడమే కారణమా?"

చట్టంలో మరణశిక్ష ఉన్నమాట నిజం. కానీ అది 1662 నుంచి 1696 దాకా, అంటే 34 ఏళ్లే. చెయ్యి నరకడం అనేది ఉన్నికి కాదు, బతికున్న గొర్రెల్ని ఓడ ఎక్కించినవాడికి. 1566లో ఎలిజబెత్ రాణి కాలంలో చేసిన చట్టం అది. మొదటిసారి దొరికితే ఆస్తి జప్తు, ఏడాది జైలు, ఆ తర్వాత సంత రోజున సంత జరిగే ఊళ్లోనే ఎడమ చెయ్యి నరికి అక్కడే మేకు కొట్టి వేలాడదీయాలి. రెండోసారి దొరికితే మరణశిక్ష. రాయడానికి రాశారు.

ఇక లంచాలంటారా, ఉన్నాయి. ఎక్కడ లేవు? కానీ అసలు కారణం అది కాదు. ఈ చట్టం కావాలని పట్టుబట్టినవాళ్లు బట్టలు తయారుచేయించే వ్యాపారులు. దాన్ని అమలు చేయాల్సింది గొర్రెలు పెంచే ఊళ్లు. ఉన్ని చవకైతే వాళ్లకి లాభం, వీళ్లకి నష్టం. తన పొట్ట కొట్టే చట్టానికి ఏ ఊరూ సాక్ష్యం చెప్పదు. నేను కస్టమ్స్‌లో స్మగ్లింగ్‌ని పట్టుకునే ప్రివెంటివ్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మన చట్టంలో కొన్ని సెక్షన్లు అలా ఎందుకున్నాయో అర్థం కాక పాత చరిత్ర తిరగేస్తూ ఈ ఉన్ని గొడవలో పడ్డాను. అందుకే జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు రెండు కాలాల్ని విడదీసుకోవాలి. ఇంటర్నెట్‌లో చాలామంది వీటిని కలిపేస్తారు. 1614కి ముందు ఇంగ్లండు నుంచి ఉన్ని పంపడం మామూలుగా నేరం కాదు, సుంకం ఎగ్గొట్టడం నేరం. 1614లో మొదటి జేమ్స్ రాజు ఎగుమతినే నిషేధించాడు. అక్కడి నుంచి 1824 దాకా, రెండు వందల ఏళ్లకు పైగా, ఎంత సుంకం కడతానన్నా పంపడానికి వీల్లేదు. సుంకం ఎగవేతని పట్టుకోవడం ఒక రకం పని, నిషేధాన్ని కాపలా కాయడం పూర్తిగా వేరే పని. రెండూ చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

సుంకం కాలం సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫ్లాండర్స్‌లోని (ఇప్పటి బెల్జియం వైపు) బ్రూజ్, గెంట్, ఈప్ర పట్టణాల మగ్గాలకి, ఇటలీలో ఫ్లారెన్స్ నేతకి ఇంగ్లండు ఉన్నే ఆధారం. 1275లో మొదటి ఎడ్వర్డ్ ఒక్కో బస్తాకి 6 షిల్లింగుల 8 పెన్నీల సుంకం వేశాడు. బస్తా అంటే 364 పౌన్లు, మన లెక్కలో దాదాపు 165 కిలోలు. 14వ శతాబ్దం మొదట్లో మంచి ఏడాదైతే ముప్పై వేల బస్తాలకు పైనే ఓడలెక్కేవి. మూడో ఎడ్వర్డ్ ఫ్రాన్సుతో యుద్ధానికి దిగేసరికి డబ్బు చాలలేదు. పాత సుంకం మీద అదనంగా మరో 40 షిల్లింగులు వచ్చిపడ్డాయి. లండన్‌లో ఎగువ సభ అధ్యక్షుడు ఈనాటికీ ఉన్ని కూరిన ఎర్ర పరుపు మీదే కూర్చుంటాడు. రాజుగారి ఖజానాకి ఉన్నే పెద్ద దిక్కు అని గుర్తుచేసే ఆనవాయితీ అది.

ఆ సుంకం వసూలు చేసే పద్ధతి చూస్తే మా ఆఫీసే గుర్తొస్తుంది. ఉన్ని ఎగుమతికి కొన్ని రేవులే ఉండేవి. రేవులో రాజుగారి తరాజు మీద తూకం వేసి, సుంకం కట్టించుకుని, కాకెట్ అనే ముద్ర వేసిన కాగితం ఇచ్చేవారు. ఆ ముద్ర రెండు ముక్కలు. ఒక ముక్క వసూలు అధికారుల దగ్గర, రెండోది వాళ్ల లెక్కలు సరిచూసే కంట్రోలర్ దగ్గర. ఇద్దరూ కలిస్తేగానీ కాగితం తయారవదు. కంట్రోలర్ తన లెక్కల చుట్టని ఇంకెవరి చేతా రాయించకుండా సొంత దస్తూరీతో రాయాలి. 1374 నుంచి 1386 దాకా లండన్ రేవులో ఆ కంట్రోలర్ ఎవరో తెలుసా? ఇంగ్లిషు కవిత్వానికి ఆద్యుడని చెప్పుకునే జెఫ్రీ చాసర్! జీతం ఏడాదికి 10 పౌండ్లు. 1376లో జాన్ కెంట్ అనే లండన్ వ్యాపారి సుంకం కట్టకుండా హాలండులోని డోర్‌డ్రెక్ట్‌కి ఉన్ని పంపి దొరికిపోయాడు. జప్తు తాలూకు 71 పౌండ్ల 4 షిల్లింగుల 6 పెన్నీలని రాజు చాసర్‌కే ఇచ్చేశాడు. ఏడేళ్ల జీతం ఒక్క కేసులో! మా సర్వీసులో రివార్డు ఫైలు టేబుల్ టేబుల్ తిరిగి చేతికొచ్చేసరికి తల నెరిసేది. ఈ లెక్క మొదటిసారి చదివినప్పుడు నాకు కాస్త అసూయే కలిగింది.

అయితే చాసర్ ఎవరి లెక్కలు సరిచూడాలో గమనించండి. వసూలు అధికారుల్లో నికొలస్ బ్రెంబర్ లాంటివాళ్లున్నారు. వాళ్లే లండన్‌లో పెద్ద ఉన్ని వ్యాపారులు, వాళ్లే రాజుకి అప్పులిచ్చేవాళ్లు. సరుకు వాళ్లది, దాని మీద సుంకం లెక్కగట్టేదీ వాళ్లే. ఏడాదికి 10 పౌండ్ల గుమస్తా వాళ్లని ఏమని నిలదీస్తాడు? అప్పట్లో ఉన్నిని పీపాల్లో కూరి వేరే సరుకని చెప్పేవారు. బస్తాల తూకం తగ్గించి రాసేవారు. మరో రేవుకి తీరం వెంబడి పంపుతున్నామని కాగితం తీసుకుని ఓడని సముద్రం దాటించేవారు, అడిగితే తుఫాను అటు కొట్టేసిందనేవారు. ఈ చివరి ఎత్తు ఆరు వందల ఏళ్ల తర్వాత కూడా చెల్లుబాటవుతోంది, అంతకంటే వివరంగా చెప్పను.

ఇన్ని లొసుగులున్నా ఆ కాలంలో వ్యవస్థ మొత్తం మీద నిలబడిందనే నా అభిప్రాయం. 1363 నుంచి విదేశాలకి పోయే ఉన్నిలో చాలా భాగం, ఫ్రాన్సు తీరాన అప్పట్లో ఇంగ్లండు చేతిలో ఉన్న కలే పట్టణం గుండా వెళ్లాలన్నారు. ఆ వ్యాపారం ఒక సంఘం చేతిలో పెట్టారు. 1466 నుంచైతే కలేలో ఉన్న ఇంగ్లిషు సైన్యానికి జీతాలు కూడా ఆ సంఘమే ఉన్ని సుంకంలోంచి ఇచ్చేది. దొంగ ఉన్ని బయటికి పోతే ముందు నష్టపోయేది వాళ్లే, అందుకని ఎవరూ చెప్పకుండానే కాపలా కాసేవారు. స్మగ్లింగ్‌ని అడ్డుకోవడంలో వ్యాపారికే స్వార్థం ఉంటే సగం పని అయిపోయినట్టే.

ఈలోపు ఎవరూ అనుకోనిది ఒకటి జరిగింది. ముడి ఉన్ని మీద సుంకం భారీగా, నేసిన బట్ట మీద నామమాత్రంగా ఉండేసరికి, ఉన్నిని అక్కడే నేసి బట్టగా పంపడం లాభసాటి అయింది. 16వ శతాబ్దం మొదటికల్లా ముడి ఉన్ని ఎగుమతి పదివేల బస్తాల లోపుకి పడిపోయింది, బట్ట ఎగుమతి ఎన్నో రెట్లు పెరిగింది. 1558లో కలే ఫ్రాన్సు చేతికి పోయింది. బట్టల వ్యాపారులు బలపడ్డారు. మన ఉన్ని లేకపోతే ఫ్రెంచివాళ్లు, డచ్చివాళ్లు మగ్గాలు కట్టిపెట్టుకోవాల్సిందేననే వాదన మొదలుపెట్టారు. 1614 నిషేధం అక్కడి నుంచి పుట్టింది. 1660లో పార్లమెంటు దానికి చట్టం రూపమిచ్చింది. 1662లో నేరం తీవ్రత పెంచి మరణశిక్ష దాకా తీసుకెళ్లారు.

ఇప్పుడు మీ ప్రశ్న అసలైన చోటికి, రామ్నీ మార్ష్‌కి వద్దాం. ఇంగ్లండు ఆగ్నేయ మూలన కెంట్, సస్సెక్స్ జిల్లాల అంచున, సముద్రానికి ఆనుకుని ఉన్న చిత్తడి నేల అది. కాలువలు, గట్లు, గడ్డి, గొర్రెలు, పొగమంచు, అక్కడొకటి ఇక్కడొకటి ఊరు. మలేరియా లాంటి జ్వరాలకి భయపడి డబ్బున్న భూస్వాములు అక్కడ కాపురం ఉండేవారు కాదు. చదునైన తీరం, ఎక్కడైనా పడవ ఆగొచ్చు. ఎదురుగా ఫ్రాన్సు. గాలి అనుకూలిస్తే ఒక రాత్రిలో అవతలి ఒడ్డు. అక్కడి గొర్రెల ఉన్ని పొడుగు పోగుది. ఫ్రెంచి నేతగాళ్లు తమ పొట్టి ఉన్నిలో కలుపుకోవడానికి దానికోసం ఎగబడేవారు. దేశంలో ధర తొక్కిపెట్టి ఉంది, అవతల మంచి ధర ఉంది. ఆ తేడాయే స్మగ్లర్‌కి కూలి, రైతుకి లాభం. ఈ పని చేసేవాళ్లని ఔలర్లు అనేవారు.

ఎంత సరుకు పోయేదో చెప్పే ఒక కాగితం ఉంది. ఆ తీరానికి కస్టమ్స్ సూపర్‌వైజర్‌గా ఉన్న హెన్రీ బేకర్ 1698 ఏప్రిల్‌లో పై అధికారులకి రాసిన రిపోర్టు. ఇంకొన్ని వారాల్లో రామ్నీ మార్ష్‌లో లక్షా 60 వేల గొర్రెలకి కత్తెర పడుతుంది, 3,000 మూటల ఉన్ని వస్తుంది, అందులో ఎక్కువ భాగం వెంటనే ఫ్రాన్సుకి పోతుంది, ఏర్పాట్లు చాలావరకు అయిపోయాయి అని. రిపోర్టులు రాసిన చేయి కాబట్టి నాకు లెక్క సరిచూసే జబ్బు ఉంది. మూట అంటే 240 పౌన్లు. 3,000 మూటలంటే 7 లక్షల 20 వేల పౌన్లు. గొర్రెకి నాలుగున్నర పౌన్లు, అంటే దాదాపు రెండు కిలోలు పడింది. సరిపోతోంది. గాలిలో రాసిన అంకె కాదు, ఆయన మందలు తెలిసినవాడు. ఆ రిపోర్టులో నాకు ఎక్కువ బాధగా తోచింది అంకె కాదు. సరుకు గొర్రె ఒంటి మీద ఉండగానే ఎక్కడికి పోతుందో అధికారికి తెలుసు. తెలిసీ ఆపలేడు.

ఎందుకు ఆపలేడో విలియం కార్టర్ అనుభవం చూస్తే తెలుస్తుంది. కార్టర్ అధికారి కాదు, బట్టల వ్యాపారి. ఉన్ని దొంగ రవాణాని అరికట్టడమే జీవితంగా పెట్టుకుని పై నుంచి వారెంట్లు తెచ్చుకుని తిరిగేవాడు. 1680ల చివర్లో ఒక డిసెంబరులో మనుషుల్ని వెంటేసుకుని రామ్నీ వెళ్లాడు. గుర్రాల మీద ఉన్ని మూటలు వేసుకుని తీరానికి పోతున్న ఎనిమిది పదిమందిని పట్టుకున్నాడు. ఊరి మేయర్ దగ్గరికి తీసుకెళ్లి జైల్లో పెట్టమన్నాడు. మేయర్ వాళ్లకి బెయిలిచ్చి పంపేశాడు. మేయరైనా రేపొద్దున ఆ ఊళ్లోనే బతకాలిగా! కార్టర్ బృందం లిడ్ అనే పక్క ఊరికి వెళ్లి తలదాచుకుంటే రాత్రి వాళ్ల మీద దాడి జరిగింది. మేయర్ కొడుకు సలహా మీద మర్నాడు రై పట్టణం వైపు బయల్దేరారు. యాభై మంది దాకా ఆయుధాలు పట్టుకుని వెంటపడ్డారు. కేంబర్ దగ్గర రేవు దాటించడానికి గుర్రాలని పడవ ఎక్కించే తీరిక కూడా లేక వాటిని వదిలేశారు. అక్కడున్న ఓడల తాలూకు పడవలు అందుకోబట్టి ప్రాణాలతో బయటపడ్డారు.

చూశారా, ఇందులో లంచం మాట ఎక్కడా లేదు. మేయర్ డబ్బు తీసుకున్నాడో లేదో అనవసరం. రైడు చేసి ఊళ్లోంచి బయటికి రావడానికి దారి దొరక్కపోవడమంటే ఏంటో ప్రివెంటివ్‌లో పనిచేసిన ఎవర్నడిగినా చెబుతారు. పంచనామాకి ఇద్దరు సాక్షులు కావాలంటే ఊరంతా పొలం పోయామంటుంది.

మరణశిక్ష వల్ల పరిస్థితి మెరుగుపడలేదు సరికదా, ఇంకా చెడింది. నాలుగు మూటల ఉన్ని కోసం పక్కింటివాణ్ణి చంపే తీర్పు ఏ జ్యూరీ ఇస్తుంది? ఇది నా ఊహ కాదు. శిక్ష మరీ తీవ్రంగా ఉండటం వల్లే నేరస్థుల మీద కేసులు సరిగ్గా నడవట్లేదని 1696 చట్టంలో పార్లమెంటే ఒప్పుకుని ఆ భాగాన్ని రద్దు చేసింది. శిక్ష పెంచితే నేరం తగ్గుతుందని టీవీ చర్చల్లో గొంతు చించుకునేవాళ్లు చదవాల్సిన పేరా అది. దాని స్థానంలో పౌను ఉన్నికి 3 షిల్లింగుల జరిమానా మిగిలింది, అంటే సరుకు విలువకి నాలుగైదు రెట్లు. తర్వాత వచ్చిన చట్టం ప్రకారం, తీర్పు వచ్చిన మూడు నెలల్లో కట్టలేకపోతే ఏడేళ్లు దేశాంతరం.

1690ల్లో సర్కారు ఇంత హడావుడి పడటానికి ఉన్ని ఒక్కటే కారణం కాదు. అప్పుడు ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తోంది. గద్దె దిగిపోయిన రెండో జేమ్స్ ఫ్రాన్సులో కూర్చుని ఉన్నాడు. ఆయన మనుషులు, ఉత్తరాలు రామ్నీ మార్ష్ గుండానే, ఉన్ని మోసే పడవల్లోనే రాకపోకలు సాగించేవారు. 1696లో మూడో విలియం రాజుని చంపే కుట్ర బయటపడింది. ఆ దారి ఎంత ప్రమాదమో అప్పుడు లండన్‌కి తలకెక్కింది. స్మగ్లింగ్ దారి ఒకసారి పడ్డాక దాని మీద ఏ సరుకైనా నడుస్తుంది.

1698లో వచ్చిన చట్టం అధికారి కళ్లతో చూస్తే ముచ్చటేస్తుంది. కెంట్, సస్సెక్స్‌లలో సముద్రానికి 10 మైళ్ల లోపు ఉన్న ప్రతి గొర్రెల యజమానీ బొచ్చు కత్తిరించిన మూడు రోజుల్లో ఎన్ని గొర్రెల బొచ్చు వచ్చిందో, ఎక్కడ నిలవ చేశాడో రాసివ్వాలి. అక్కడి నుంచి కదిలించే ముందు సంఖ్య, బరువు, కొన్నవాడి పేరు, ఊరు, సరుకు ఎక్కడికి పోతోందో ముందుగా చెప్పాలి. 15 మైళ్ల లోపు ఉన్ని కొనాలంటే, దాన్ని ఆ 15 మైళ్ల లోపు మరెవరికీ అమ్మనని రాజు పేర బాండ్ రాసివ్వాలి. లెక్కల్లో లేని ఉన్ని సముద్రం వైపు పోతూ కనబడితే చాలు, జప్తు.

ఇది చదివినప్పుడు నాకు మన 1962 కస్టమ్స్ చట్టం కళ్లముందు కదిలింది. 1969లో దాన్లో నాలుగో-బి అధ్యాయం చేర్చారు, 11హెచ్ నుంచి 11ఎం దాకా. తీరం నుంచీ సరిహద్దు నుంచీ 100 కిలోమీటర్లు మించకుండా ఒక ప్రాంతాన్ని ప్రకటించొచ్చు. ఆ ప్రాంతంలో ఫలానా సరుకు ఉన్నవాళ్లు ఎక్కడ నిలవ చేశారో తెలియజేయాలి, వోచరు లేకుండా రవాణా చేయకూడదు. మైళ్లు కిలోమీటర్లయ్యాయి, ఉన్ని స్థానంలో నోటిఫికేషన్‌లో ఏ పేరుంటే ఆ సరుకు. మనవాళ్లకి స్మగ్లింగ్ అనగానే దుబాయ్ బంగారం గుర్తొస్తుంది, లోపలికి వచ్చే సరుకు. బయటికి పోయే సరుకుని పట్టుకోవడం ఎంత కష్టమో శేషాచలం ఎర్రచందనం సంగతి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. చెట్టు ఇక్కడే ఉంటుంది, కొనేవాడు సముద్రం అవతల ఉంటాడు, కొట్టేవాడికి వచ్చే కూలి మిగతా ఏ పనిలోనూ రాదు.

కాగితం మీద చట్టం ఎంత బాగున్నా గుర్రం ఎక్కి తిరిగే మనిషి కావాలి. అలా పుట్టినవాళ్లే రైడింగ్ ఆఫీసర్లు. కెంట్ ఉత్తరాన షెప్పీ దీవి నుంచి పడమర ఎమ్స్‌వర్త్ దాకా దాదాపు 200 మైళ్ల తీరం వాళ్లకి అప్పగించారు. 1703కల్లా ఔలర్ల వెన్ను విరిగిందని బేకర్ రాశాడు. ఖర్చు తగ్గిద్దామని 50 మంది ఆఫీసర్లు చాలన్నాడు. మనిషికి ఏడాదికి 60 పౌండ్ల జీతం, నౌకరుకీ గుర్రానికీ కలిపి మరో 30. మొత్తం 4,500 పౌండ్లు. తోడుగా గుర్రపు సైనికులకి రోజుకి 2 పెన్నీలు అదనం. రాత్రిపూట ఒక్కో మనిషికి నాలుగేసి మైళ్ల తీరం. మూటలు మోసే గుంపులో ఇరవై మంది ఉంటే ఒక్కడు ఏం చేస్తాడు? చూసి చూడనట్టు పోతాడు. కొన్నాళ్లకి దానికి డబ్బు కూడా ముడుతుంది. లంచం అక్కడ మొదలవుతుంది, భయానికి వెనకాల.

బేకర్ గెలిచానన్న మాట పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. ఉన్ని తగ్గింది, స్మగ్లింగ్ తగ్గలేదు. ఉన్ని మోసిన పడవ ఎప్పుడూ ఖాళీగా తిరిగిరాలేదు. బ్రాందీ, పట్టు, లేసు వేసుకొచ్చేది. తర్వాత తర్వాత టీ మీద సుంకం పెరిగేసరికి ఉన్ని కంటే అదే లాభమైంది. కెంట్, సస్సెక్స్ స్మగ్లర్ల పేరు మోసిన ముఠాల కథలన్నీ 18వ శతాబ్దపు టీ, బ్రాందీ కాలానివే, మనుషులు, దారులు, గుర్రాలు మాత్రం ఉన్ని నాటివి.

నిషేధాన్ని కాపాడాలంటే దాని చుట్టూ ఇంకెన్ని నిషేధాలు పెట్టాలో చూస్తే నవ్వొస్తుంది. ఉన్నిని పెట్టెల్లో పీపాల్లో పెట్టకూడదు, తోలు సంచిలోనో గోనెగుడ్డలోనో మాత్రమే. సంచి పైన 3 అంగుళాలకు తగ్గని అక్షరాలతో ఉన్ని అని రాయాలి. తీరానికి 5 మైళ్ల లోపు పొద్దు పొడిచాక, పొద్దు గుంకే లోపే రవాణా చేయాలి. ఉన్ని బట్టని శుభ్రం చేసే ఒక రకం మట్టి ఎగుమతి కూడా నిషేధం. పొగాకు గొట్టాలు చేసే మట్టి దాన్లాగే కనిపిస్తుందని దాన్నీ నిషేధించారు! వేరే మట్టి అని వాళ్లకి తెలుసు. ఒక దాని పేరుతో ఇంకోటి పోతుందేమోనని అనుమానం. ఈ ఆలోచన చేసినవాడు తప్పకుండా మా డిపార్టుమెంటువాడే అయ్యుంటాడు. దేశంలోపల ఉన్ని అమ్మకం పెంచడానికి శవాలకి కూడా ఉన్ని గుడ్డే చుట్టాలని 1660ల్లో, 1670ల్లో చట్టాలు చేశారు. చుట్టామని ఎనిమిది రోజుల్లో ప్రమాణపత్రం ఇవ్వాలి, లేకపోతే 5 పౌండ్ల జరిమానా. డబ్బున్న కుటుంబాలు జరిమానా కట్టేసి నారబట్టలోనే పూడ్చుకున్నాయి. ఈ చట్టం పుస్తకాల్లో 1814 దాకా ఉంది.

ఐర్లండుది ఇంకో అన్యాయం. అక్కడి ఉన్ని బట్ట ఇంగ్లండు బట్టకి పోటీ వస్తోందని 1699లో దాన్ని ఇంగ్లండుకి తప్ప మరెక్కడికీ పంపకూడదన్నారు, ఇంగ్లండులో దిగాలంటే తట్టుకోలేని సుంకం. ముడి ఉన్నినీ ఇంగ్లండుకే పంపాలి. ఐర్లండు నైరుతి తీరం నుంచి ఫ్రాన్సుకి దొంగ ఉన్ని పోవడం, బ్రాందీ, వైను తిరిగిరావడం అక్కడా మామూలైపోయింది.

ఈ ఉన్ని లాబీ చెయ్యి మన తీరం దాకా చాచింది. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో కోఠీ, అంటే వర్తక స్థావరం, పెట్టింది ఈ తీరపు బట్ట కోసమే. మన అద్దకం బట్ట లండన్‌లో ఆడవాళ్లకి తెగ నచ్చింది. ఉతికితే రంగు పోదు, తేలిక, చవక. ఉన్ని నేసేవాళ్లు, పట్టు నేసేవాళ్లు పార్లమెంటు మీద పడ్డారు. 1700లో ఇండియా అద్దకం బట్టల దిగుమతిని నిషేధించారు. చాలదని 1719లో లండన్ వీధుల్లో అద్దకం గౌన్లు వేసుకున్న ఆడవాళ్ల మీద నేతగాళ్లు యాసిడ్ పోసి గుడ్డలు చించారు. 1721లో అలాంటివి కట్టుకోవడమే నేరం చేశారు. ఇంకోవైపు తమ దళసరి ఉన్ని బట్టని ఇండియాలో అమ్మమని కంపెనీ మీద ఒత్తిడి. కృష్ణా జిల్లా ఎండల్లో దాన్ని ఎవరు కొంటారు?

మరి ఇంత చేస్తే బట్టల వ్యాపారులు కోరుకున్నది దక్కిందా? దక్కింది. ఆడమ్ స్మిత్ 1776లో లెక్కగట్టాడు: 1339లో 28 పౌన్ల ఉన్ని 10 షిల్లింగులు, వెండి లెక్కన తన కాలపు 30 షిల్లింగులకి సమానం. తన కాలంలో చాలా మంచి ఉన్నికి 21 షిల్లింగులొస్తే గొప్ప. నాలుగు వందల ఏళ్లలో ధర పెరగకపోగా తగ్గింది. ఆ తేడా రైతు జేబులోంచి మిల్లువాడి జేబులోకి వెళ్లింది. ఈ చట్టాలని స్మిత్ దులిపినట్టు ఇంకెవరూ దులపలేదు. తమాషా ఏంటంటే 1778లో ఆయన్నే స్కాట్లండులో కస్టమ్స్ కమిషనర్‌గా వేశారు. ఉద్యోగంలో చేరాక నిషేధించిన సరుకుల జాబితా చదివి, తన బీరువా తెరిచి చూస్తే తను వేసుకునే మెడపట్టీలు, చేతి కుచ్చులు చాలావరకు అందులో ఉన్నాయట. అన్నీ తగలబెట్టేశానని 1780లో ఒక ఉత్తరంలో రాసుకున్నాడు.

అయినా చట్టం పోలేదు. 1788లో ఇంకా బిగించారు. ఉన్ని పండించేవాళ్ల తరఫున ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ గట్టిగా పోట్లాడి ఓడిపోయాడు. సరిగ్గా అదే రోజుల్లో అదే బ్యాంక్స్ మూడో జార్జి రాజుగారి కోసం సన్న ఉన్నికి పేరుపడ్డ స్పెయిన్ మెరీనో గొర్రెల్ని పోర్చుగల్ మీదుగా గుట్టుచప్పుడు కాకుండా తెప్పిస్తున్నాడు. స్పెయిన్ తన గొర్రెల్ని బయటికి పోనివ్వదు మరి. తన గొర్రెని ఓడ ఎక్కిస్తే నేరమనే చట్టం మీద సంతకం పెట్టే రాజు, పక్క దేశం గొర్రెని దొంగతనంగా దింపుకున్నాడు.

చివరికి 1824లో నిషేధం ఎలా పోయిందనేది మీ ప్రశ్నకి మిగిలిన సగం. స్మగ్లర్లు గెలవలేదు, స్మిత్ వాదనా గెలవలేదు. అప్పటికి సన్నబట్టకి ఇంగ్లండు ఉన్ని పనికిరాకుండా పోయింది. మిల్లులకి స్పెయిన్, జర్మనీల మెరీనో కావాలి. 1819లో సర్కారు ఆ దిగుమతి ఉన్ని మీద పౌనుకి 6 పెన్నీల సుంకం వేసింది. తగ్గించండి మహాప్రభో అని మిల్లువాళ్లు వచ్చారు. సరే, మీరు ఎగుమతి నిషేధం వదులుకుంటే మేం దిగుమతి సుంకం తగ్గిస్తామంది ప్రభుత్వం. బేరం కుదిరింది. ఎగుమతి మీద కొద్దిపాటి సుంకం పెట్టి తలుపులు తీసేశారు. ఇంగ్లండు ఉన్ని అంతా ఫ్రాన్సుకి తరలిపోతుందని రెండు వందల ఏళ్లు భయపెట్టారు కదా, అలాంటిదేమీ జరగలేదు.